ఎర్ర కారు, ఎడమ తలుపు

సోమవారం

ఈ రోజు నాకు రెండు ఉద్యోగాలు వచ్చాయి. డిగ్రీ చేతికొచ్చి ఇన్నాళ్లయినా ఒక్కటీ రాలేదని ఇంటిల్లిపాదీ నన్ను జాలిగా చూస్తున్న రోజుల్లో, ఒకే పూట రెండు. భావితరాలు నమ్మవేమోనని ఇక్కడ రాసిపెడుతున్నాను.

మొదటి ఉద్యోగం నాన్న ఇచ్చాడు. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లో కారు చుట్టూ ఒకసారి తిరిగి, నన్ను పిలిచాడు.

"ఒరేయ్, ఆదివారం దీన్ని చూడ్డానికి ఒకాయన వస్తున్నాడు. డ్రైవింగ్ స్కూలాయన. అప్పటికి ఇది కారులా కనిపించాలి."

"ఇప్పుడెలా కనిపిస్తోంది నాన్నా?"

"ఎండబెట్టిన టమాటాలా."

మా నాన్నకు పోలికలు బాగా కుదురుతాయి. కొన్నప్పుడు అది ఎర్ర కారు. ఇన్నేళ్లు ఎండలో నిలబడీ నిలబడీ ఇప్పుడు పాత పెన్సిల్ రబ్బరు ముక్క రంగుకొచ్చింది. చేత్తో రాస్తే సుద్దలాంటి పొడి అంటుతుంది. నాన్నను ఇప్పుడు ఫ్యాక్టరీ వ్యాను వచ్చి తీసుకెళ్తుంది, కారుని ఆదివారాలు స్టార్ట్ చేసి ఆపడమే. నాకూ లైసెన్సు పరీక్ష పెట్టేవాళ్లకూ అభిప్రాయభేదాలున్నాయి. "ఇంట్లో నడిపేవాళ్లు లేనప్పుడు కారెందుకు?" అన్నది నాన్న వాదన.

రెండో ఉద్యోగం, నాన్న వ్యాను మలుపు తిరగ్గానే, వంటింటి గుమ్మంలో అమ్మ ఇచ్చింది.

"మీ నాన్న ఏమన్నారు?"

"మెరిపించమన్నాడు."

"మెరిపించు. ఎంతలా అంటే, చూశాక ఆయనకే ఇచ్చెయ్యబుద్ధి కాకూడదు."

ఇద్దరికీ సరేనన్నాను. పని ఒకటే, యజమానులిద్దరు, కోరికలు తూర్పూ పడమరా. నేను మాత్రం నిష్పక్షపాతిని. ఒక్క అబద్ధం ఆడకుండా ఇద్దరినీ సంతోషపెట్టిన మనిషి ఈ ఇంట్లో ఇంతకుముందు లేడు.

అమ్మకు డ్రైవింగ్ వచ్చు. ఒకప్పుడు ఊరి ఆ చివరున్న లైబ్రరీకి ఈ కారులోనే ఉద్యోగానికి వెళ్లొచ్చేది. ఇప్పుడు రెండు బస్సులు మారుతోంది. కారణం గేటు. ఒకరోజు కారు వెనక్కి తీస్తుంటే కుడిపక్క వెనక చక్రం పైభాగం గేటుకి రాసుకుంది. ఎర్ర రంగు మీద పొడుగాటి ఆకుపచ్చ గీత. నాన్న తిట్టి ఉంటే ఒక పూటలో అయిపోయేది. తిట్టలేదు. కథగా చెప్పడం మొదలెట్టాడు. ఇంటికెవరొచ్చినా మంచినీళ్ల తర్వాత ఆ కథే. కథయ్యాక వాకిట్లోకి తీసుకెళ్లి, "ఇదిగో, మా ఆవిడ సంతకం" అని చూపిస్తాడు. తుడిపిద్దామంటే "గుర్తుగా ఉండనీ" అంటాడు. కొన్నాళ్లు నడపనులే అని అమ్మ తాళంచెవి మేకుకి తగిలించింది. ఆ కొన్నాళ్లు ఇంకా అవలేదు.

మంగళవారం

మా ఫ్రెండు స్పానర్ దగ్గరికి వెళ్లి పాలిషింగ్ మెషీన్ తెచ్చాను. వాడూ నేనూ కాలేజీలో ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే సబ్జెక్టులో తప్పినవాళ్లం. ఇప్పుడు వాడు వాళ్ల మేనమామ కార్‌వాష్ షాపులో పని చేస్తున్నాడు.

"ఒరేయ్, ఇది మిక్సీ కాదు. ఆన్ చేశాక ఒకేచోట పెట్టి దిక్కులు చూశావంటే రంగు కాలిపోద్ది."

"తెలుసురా."

"ఎలా తెలుసు?"

"వీడియోలు చూశాను."

స్పానర్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. ఆ తర్వాత మెషీన్, తెల్లటి స్పాంజి ప్యాడ్లు, రంగు తోమడానికి రాసే కాంపౌండ్ సీసా, అంచులకు అంటించే కాగితం టేపు అన్నీ ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు మెషీన్‌ని మాత్రం కాసేపు వదల్లేదు.

బుధవారం

నాన్న తెల్ల చొక్కాలు తీగ మీద ఆరేసి ఉండగా మెషీన్ ఆన్ చేయకూడదు. ఈ విషయమై ఇంతకన్నా రాయదలచుకోలేదు.

బుధవారం, భోజనాల తర్వాత

రాయక తప్పేలా లేదు. చెల్లి ఇప్పటికే తన కాలేజీ అంతా ప్రచారం చేసింది. కనీసం ఇక్కడైనా నిజం ఉండాలి.

ప్యాడ్‌కి కాంపౌండ్ రాసి, రేకుకి ఆనించి, ఆ తర్వాత మీట నొక్కాలి. నేను గాల్లో పట్టుకుని నొక్కాను. పెరుగు గిన్నెలో ఫ్యాను పెట్టినట్టయింది. గోడ, తీగ, చొక్కాలు, నేను, అందరం సమానమైపోయాం. చెల్లి గుమ్మంలోకొచ్చి నన్ను తేరిపారా చూసింది.

"అన్నయ్యా, మెరిపించాల్సింది కారునా, నిన్నా?"

చొక్కాలన్నీ మళ్లీ ఉతికాను. నాన్న వచ్చేసరికి ఆరాయి. నాన్న దగ్గర చెల్లి నోరు మూయించడానికి ఏం ఒప్పుకోవలసి వచ్చిందో రాయను.

ఆ తర్వాత అసలు పని. బోనెట్ మధ్యలో టేపు అంటించి, ఒక సగం మీద మెషీన్ ఆనించి, నిదానంగా అటూ ఇటూ నడిపి, గుడ్డతో తుడిచాను. తుడిచి, వెనక్కి జరిగి నిలబడ్డాను. టేపుకి ఇటు పాత రబ్బరు ముక్క. అటు ఎరుపు! ఆకాశం, విద్యుత్ తీగ, తీగ మీది కాకి, నా మొహం, అన్నీ అందులో ఉన్నాయి. నా మొహం ఇంత బాగుంటుందని నాకే తెలియదు.

మెషీన్ తిరగేసి చూస్తే గుండె జారిపోయింది. తెల్ల ప్యాడ్ కాస్తా ఎర్రగా అయిపోయింది. స్పానర్‌కి ఫోన్ చేశాను.

"కొంప మునిగిందిరా! కారు రంగంతా ప్యాడ్‌కే వచ్చేసింది!"

"అది చచ్చిన రంగురా బాబూ. నీ కారు పాతది, పైన అద్దంలాంటి పూత ఉండదు. రంగు మీదే తోముతున్నావ్, అందుకే ఎరుపంటుతోంది. అంటితే మంచిదే. అంటకపోతేనే ఆలోచించాలి."

"అంటకపోతే?"

"ఆ రేకుకి తర్వాతెప్పుడో మళ్లీ రంగేయించారన్నమాట. ఇప్పుడు షాపుల్లో రంగేస్తే దాని మీద క్లియర్ కోట్ కొడతారు, అద్దంలా. దాన్నెంత తోమినా ప్యాడ్ తెల్లగానే ఉంటుంది."

ఈ ముక్క బాగా ఒంటబట్టించుకున్నాను. ఎవరికైనా చెప్పేటప్పుడు నా సొంత పరిశోధనలా చెప్పాలి.

గురువారం

కుడిపక్క వెనకభాగం. అంటే, ఆ గీత.

లైబ్రరీ నుంచి అమ్మ పెందలాడే వచ్చింది. నేను దాని మీదికి మెషీన్ తీసుకెళ్లడం చూసి, "దాని జోలికెందుకులేరా, లోతుగా పడింది" అంది. సంచీ భుజాన ఉండగానే అంది. కానీ లోపలికి వెళ్లలేదు.

ఆనించాను. నాలుగుసార్లు అటూ ఇటూ నడిపాను. తుడిచాను.

గీత లేదు.

మొదట నేనే నమ్మలేదు. వంగి చూశాను. కింద ఎరుపు చెక్కుచెదరకుండా ఉంది. గేటు మీది ఆకుపచ్చ రంగు కారుకి అంటుకుని ఉండిపోయింది, అంతే. కారుకి దెబ్బే తగల్లేదు. తగిలితే గేటుకే తగిలింది, పాపం, దాని కథ ఎవరూ చెప్పలేదు.

అమ్మ వేలితో ఆ చోటు తడిమింది. మళ్లీ తడిమింది.

"ఇంతేనా?"

"ఇంతేనమ్మా."

"ఇన్నాళ్లూ... ఇంతేనా?"

నా దగ్గర మంచి జోకు ఒకటుంది. ఎందుకో వేయలేదు.

నాన్న వ్యాను దిగి తిన్నగా అక్కడికే వచ్చాడు. కళ్లజోడు సవరించుకున్నాడు, వంగాడు, ఇంకాస్త వంగాడు, జేబులోంచి చిల్లర పడిపోయినవాడిలా వెతికాడు.

"ఏదిరా?"

"పోయింది నాన్నా."

"ఎలా పోతుంది? అంత లోతుగా ఉంటేనూ!"

"గేటు రంగు అంటుకుంది. తుడిస్తే పోయింది."

రేపటినుంచి చుట్టాలొస్తే ఏం చూపించాలా అన్న దిగులు ఆయన మొహంలో స్పష్టంగా కనబడింది. లోపలికి వెళ్తూ వెళ్తూ ఆగాడు.

"ఎడమపక్క ముట్టుకోకు. అటు గోడ నీడ పడుతుంది. రంగు బాగానే ఉంది."

అది నిజమే. కారుని ఎప్పుడూ ఎడమపక్క గోడకానించి పెడతాం. ఆ వైపు ముందు తలుపు మిగతా కారంత వెలిసిపోలేదు. నా కష్టం తగ్గించాలని నాన్నకి తట్టడం విశేషం.

శుక్రవారం

నాన్న నాకు కూల్ డ్రింక్ తెచ్చాడు. అడక్కుండా.

"ఎడమపక్క ముందు తలుపు వదిలేశావుగా?"

"ఇంకా అటు పోలేదు నాన్నా."

"పోకు. శ్రమ దండగ. ఉన్నదే బాగుంది."

పెద్దవాళ్ల ప్రేమ ఇలా పరోక్షంగానే బయటపడుతుంది. కళ్లు చెమర్చాయి. చెల్లి మాత్రం సీసా వైపూ నా వైపూ మార్చి మార్చి చూసింది.

"నాన్న నీకు కూల్ డ్రింక్ తెచ్చాడా? ఏం చూశావ్ నువ్వు?"

"నేనేం చూస్తాను?"

"అయితే ఏం చూడబోతున్నావ్?"

దీనికన్నీ అనుమానాలే.

శనివారం

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నా తప్పు ఇందులో ఏమీ లేదు. ఒక మనిషి ప్రశ్న అడిగింది, ఒక మనిషి జవాబు చెప్పాడు. జ్ఞానం పంచడం నేరమైతే కాలేజీలన్నీ మూసెయ్యాలి.

నాన్న ఫ్యాక్టరీకి వెళ్లాడు. అమ్మకు ఒంటిపూట. ఎడమపక్క ఒక్కటీ వదిలేస్తే కారు అతుకేసిన చొక్కాలా ఉంటుందనిపించింది. కళాకారుడి మనసు ఒప్పుకోలేదు. కానీ గోడకీ కారుకీ మధ్య మెషీన్ పట్టదు. కారు ముందుకు జరపాలి. నేను తొయ్యబోయాను. అది నన్ను లెక్కచెయ్యలేదు.

అమ్మ కాసేపు చూసింది. లోపలికెళ్లి మేకు మీది తాళంచెవి తెచ్చింది. సీటు ముందుకు జరుపుకుంది, అద్దం సర్దుకుంది, చేతులు రెండూ స్టీరింగ్ మీద పెట్టుకుని ఊరికే కూర్చుంది. తర్వాత స్టార్ట్ చేసి, గోడకు మూరెడు దూరంలోంచి కారుని సుతారంగా ముందుకు తెచ్చి ఆపింది. చెల్లి మెట్ల మీద కూర్చుని చప్పట్లు కొట్టింది.

"ఆపు, ఎవరైనా వింటారు" అంది అమ్మ. అంటూనే నవ్వింది. దిగి నా చేతిలో మెషీన్ లాక్కుంది.

"ఇటివ్వు, నేను చేస్తా."

చేసింది. నాకన్నా బాగా చేసింది. వెనక తలుపయ్యేసరికి ప్యాడ్ ఎర్రగా అయింది. కొత్త ప్యాడ్ మార్చి ముందు తలుపుకి వచ్చింది. ఎంతసేపు నడిపినా ప్యాడ్ తెల్లగానే ఉంది.

"ఎరుపు రావట్లేదేంట్రా? నేనేమైనా తప్పు చేస్తున్నానా?"

ఇంతకోసమే ఎదురుచూస్తున్నాను. గొంతు సవరించుకుని, గుడ్డ భుజాన వేసుకుని మొదలెట్టాను.

"చూడమ్మా. మన కారు పాతకాలపు రంగు. దాన్ని తోమితే ప్యాడ్‌కి ఎరుపంటుతుంది. అంటలేదంటే ఆ రేకు మీద పైపూత ఉన్నట్టు. పైపూత ఉందంటే ఆ తలుపుకి షాపులో మళ్లీ రంగేయించినట్టు. రంగేయించారంటే దానికి ఎప్పుడో పెద్ద దెబ్బే..."

అక్కడ ఆగాను. నాన్న కూల్ డ్రింక్ ఎందుకు తెచ్చాడో అప్పుడర్థమైంది.

మెట్ల మీద చెల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

అమ్మ మెషీన్ ఆపేసింది.

"గేటు గొడవైన తర్వాతి నెల," అంది, తలుపుతో మాట్లాడుతున్నట్టు. "సర్వీసింగ్‌కని తీసుకెళ్లారు. వారం అక్కడే ఉంచారు. తెచ్చాక, కొత్తగా ఉంది కదూ అని నన్నే అడిగారు."

"నువ్వేమన్నావ్?" అంది చెల్లి.

"అవునన్నాను."

అరుస్తుందనుకున్నాను. ఏడుస్తుందేమోనని భయపడ్డాను. ఏమీ చెయ్యలేదు. మెషీన్ మళ్లీ ఆన్ చేసి ఆ తలుపు పూర్తి చేసింది. పైనుంచి కిందికి, అంచుల దగ్గర నెమ్మదిగా, ఒక్క చుక్క చిందకుండా. కారు మొత్తం మీద అంతలా మెరిసే చోటు ఇంకొకటి లేదు.

తర్వాత కారుని మళ్లీ గోడకానించి పెట్టేసింది.

శనివారం సాయంత్రం

అమ్మ నాన్నకి ఇష్టమైన కూర చేసింది. ఇంకాస్త వేసుకోండి అంది. నాకు భయంగా ఉంది.

ఆదివారం

డ్రైవింగ్ స్కూలాయన చెప్పిన సమయానికే వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు. నిలబడ్డప్పుడు కూడా కుడికాలు కొంచెం ముందుకుంటుంది. శిష్యుల పక్క సీట్లో కూర్చుని, తన వైపు లేని బ్రేకుని తొక్కీ తొక్కీ అలా అయిపోయిందట.

"ఎందుకిచ్చేస్తున్నారండీ?"

"ఇంట్లో నడిపేవాళ్లు లేరండీ," అన్నాడు నాన్న. అమ్మ అప్పుడే మంచినీళ్లు తెచ్చి పక్కనే నిలబడింది.

ఆయన కారు చుట్టూ తిరిగాడు. మెరుపు చూసి తలాడించాడు. నేను కాలరు సర్దుకున్నాను.

"బాగానే మెరిపించారు. ఇంత మెరిస్తే నాకనుమానం. ఎక్కడైనా దెబ్బ తగిలిందా? రంగేమైనా పడిందా?"

నాన్న ఛాతీ విరుచుకున్నాడు. ఆయన ఇష్టమైన సబ్జెక్టు.

"ఒక్కటేనండీ. మా ఆవిడ కారు వెనక్కి తీస్తూ గేటుకి..."

"అది పోయింది," అంది అమ్మ. "ఎడమ తలుపు సంగతి చెప్పండి."

నాన్న నా వైపు చూశాడు. నేను కాకి ఎక్కడుందో చూశాను.

"ఏ ఎడమ తలుపు?" అన్నాడు నాన్న.

"కారుకి ముందువైపు ఎడమ తలుపు ఒకటే కదండీ ఉంటుంది."

నాన్న నీళ్లు నమిలాడు. గ్లాసులోవి కాదు.

"ఫ్యాక్టరీ షెడ్డులో... స్తంభం అడ్డొచ్చింది."

"నడిచొచ్చిందా?" అంది చెల్లి లోపల్నుంచి.

స్కూలాయన దగ్గి, తలుపు వేలితో కొట్టి చూసి, "పని నీటుగానే చేశారు. ఒకసారి నడిపి చూపిస్తారా?" అన్నాడు. నాన్న జేబులు తడుముకున్నాడు. తాళంచెవి అక్కడ లేదు. అమ్మ చేతిలో ఉంది.

"రండి," అంది అమ్మ ఆయనతో.

కారు బయటికి వెళ్లిపోయింది. నాన్నా నేనూ వాకిట్లో మిగిలాం. ఇంత పెద్ద వాకిలని కారు లేనప్పుడే తెలిసింది.

"తలుపు వదిలెయ్యమన్నానా లేదా?"

"కళాకారుడి మనసు నాన్నా."

"నీ మొహం."

తర్వాత తనే అన్నాడు, నన్ను చూడకుండా. "ఇంటికొచ్చి చెబుదామనే అనుకున్నాను రా. చెబితే ఇక గేటు కథ చెప్పడానికి మొహముండదని..."

"కథ ఆపెయ్యొచ్చుగా నాన్నా?" గుమ్మంలోంచి చెల్లి.

"బాగా నవ్వేవాళ్లే అందరూ," అన్నాడు నాన్న. గేటు వైపు చూసి, "మీ అమ్మ నవ్వేది కాదు," అన్నాడు. అది మాతో అన్నట్టు లేదు.

కారు తిరిగొచ్చింది. అమ్మ ఆపింది. స్కూలాయన దిగి, తన కుడికాలు వంక తనే వింతగా చూసుకున్నాడు.

"ఏమండీ," అన్నాడు నాన్నతో, "మా స్కూల్లో పాఠం చెప్పేవాళ్ల పక్కన కూర్చున్నా నా కాలు ఊరుకోదు. ఈవిడ పక్కన ఒక్కసారి కూడా కదల్లేదు. నడిపేవాళ్లు లేరన్నారేంటి మీరు?"

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ ఆయన్ని తొందరపెట్టలేదు. ఇంజను ఆపలేదు కూడా.

"ఉన్నారండీ," అన్నాడు చివరికి. "నేనే... సరిగ్గా చూసుకోలేదు. మీకు శ్రమిచ్చాం. ఇవ్వట్లేదండీ."

స్కూలాయన మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. నా రెండు ఉద్యోగాలూ ఒకేసారి ముగిశాయి. ఒక యజమాని మాత్రమే తృప్తిగా ఉంది. ఆమె నాతో అన్న ఒకే ఒక్క మాట: "పైకప్పు మీద ఇంకా మచ్చలున్నాయి."

సోమవారం

బస్సు పాసు చెల్లికిచ్చేసి అమ్మ కారులో లైబ్రరీకి వెళ్లింది. స్పానర్ మెషీన్ అడుగుతున్నాడు. రేపిస్తానన్నాను.

గురువారం

సాయంత్రం అమ్మ వచ్చి, చెప్పులు కూడా విడవకుండా హాల్లో నిలబడింది.

"కారుకి గీత పడింది. లైబ్రరీ మెట్ల పక్కన దిమ్మె. ఎవరో కాదు. నేనే."

చెల్లి దువ్వెన జుట్టులోనే ఉండిపోయింది. నాన్న పేపరు దించాడు. నోరు తెరిచాడు. ఆ నోట్లో ఏముందో మాకందరికీ తెలుసు. ఏళ్ల తరబడి సాధన చేసిన నోరది. అమ్మ తల దించుకోలేదు. అన్నదేదో వినే వెళ్తానన్నట్టు అలాగే నిలబడింది.

నాన్న నోరు మూసుకుని, కళ్లజోడు పెట్టుకుని వాకిట్లోకి నడిచాడు. మేమంతా వెనకాలే.

ముందు చక్రం పైన గీత. ఈసారిది నిజం గీత. తెల్లగా, పొడుగ్గా, వంక పెట్టడానికి లేకుండా ఉంది. నాన్న గొంతుక్కూర్చుని వేలితో తడిమాడు.

"ఎవరైనా చూశారా?"

"వాచ్‌మన్ చూశాడు. ఎవరమ్మా గీసింది అంటే నేనేనయ్యా అన్నాను."

"చెప్పేశావా?"

"చెప్పేశాను. ఏమైంది? ఏం కాలేదు."

నాన్న వేలు చొక్కాకి తుడుచుకున్నాడు. లేచి, చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"ఒరేయ్, మెషీన్ ఉందా, ఇచ్చేశావా?"

"ఉంది. నేను చేస్తాను నాన్నా."

"నువ్వు పక్కకుండు. ఏ ప్యాడ్ వెయ్యాలో చెప్పు చాలు."

చెప్పాను. చరిత్రలో మొదటిసారి నాన్న నన్ను ఒక విషయం అడిగి తెలుసుకున్నాడు. ఇదీ నమోదు చేయవలసిందే.

అమ్మ ఆయన వెనకాల చేతులు కట్టుకుని నిలబడింది.

"నెమ్మదిగా. కుడికి పోనివ్వండి. ఇంకొంచెం కుడికి. అంచు దగ్గర చూసుకోండి, అక్కడ రంగు పల్చగా ఉంటుంది."

"తెలుసు."

"తెలిస్తే సరే."

గీత సగం పోయింది. మిగతా సగం లోతుగా ఉంది, పాలిష్‌తో పోయేది కాదు. ఆ సంగతి నేను చెప్పబోతుంటే అమ్మ నా చెయ్యి నొక్కి ఆపింది.

"ఉండనీండి, బాగానే ఉంది," అని నాన్నతో అని, కాళ్లు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది.

నాన్న ఇంకా తోముతున్నాడు.